అంచు బట్టను కాయాలి

అమెరికాలో జరిగే రెనైసాన్స్ సంతల గురించి, అక్కడికి వేసుకువెళ్లే 16వ శతాబ్దపు ఐరోపా దుస్తుల గురించి కిందటి సంచికలో రాసిన తరువాత ఈ శీర్షికకు ఎప్పుడూ లేనన్ని ఉత్తరాలు వచ్చాయి. పిల్లలు అక్కడ ఉన్న తల్లులు రాశారు, విదేశీ ఆర్డర్లు పట్టుకున్న దర్జీలు రాశారు, నాటకం వేయిస్తున్న ఒక అధ్యాపకుడూ రాశారు. ఆ సంచిక చూడనివారికి రెండు మాటలు. 1963లో లాస్ ఏంజిలిస్‌లో ఫిలిస్ ప్యాటర్సన్ అనే ఉపాధ్యాయురాలు, ఆమె భర్త రాన్ కలిసి ఇలాంటి సంతను మొదలుపెట్టారు. తరువాత అది చాలా రాష్ట్రాలకు పాకింది. ఎక్కువ చోట్ల మొదటి ఎలిజబెత్ రాణి ఏలిన ఇంగ్లండును, అంటే 1558 నుంచి 1603 వరకు నడిచిన కాలాన్ని వేషాల్లో చూపిస్తారు. టికెట్టు కొనుక్కుని వచ్చేవారిలో కూడా చాలామంది వేషం వేసుకునే వస్తారు. నల్లగొండ ప్రకాశం బజారులో నా కుట్టు దుకాణం పౌరాణిక నాటకాల దుస్తులతోనే మొదలైంది. ఇప్పటికీ ఎవరైనా పాత కాలపు దుస్తుల మాట ఎత్తితే చేతిలో ఉన్న పని పక్కన పెడతాను.

అక్కా, మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది. నవంబరులో స్నేహితులతో కలిసి టాడ్ మిషన్ సంతకు వెళ్తుందట, రాణి గౌను కుట్టించి పంపమంటోంది. నా పెళ్లినాటి గద్వాల చీర ఉంది. దాని జరీ అంచును గౌను నిండా వరసలుగా వేయిస్తే బాగుంటుందా? టైలరు బాగుంటుందనే అంటున్నాడు.
— ఒక తల్లి, మిర్యాలగూడ

నిండా వేయించకండమ్మా.

ముందు మీ అమ్మాయిని ఒక మాట అడగండి. రాణి వేషమేనా, లేక వర్తకుడి ఇల్లాలా, సంతలో గుడ్లు అమ్మే మనిషా? ఆ రోజుల్లో ఎవరు ఏ బట్ట కట్టాలో ప్రభుత్వమే చెప్పేది. 1574లో ఎలిజబెత్ రాణి వేయించిన ప్రకటన ప్రకారం బంగారు జలతారు బట్ట, ఊదా రంగు పట్టు రాజకుటుంబానికి, కొందరు పెద్ద ప్రభువులకు మాత్రమే. ముఖమల్‌కూ హద్దులు పెట్టారు. కష్టం చేసుకుని బతికే ఆడమనిషి లోపల లినెన్ కమీజు, పైన ఉన్ని గౌను, ముందు ఒక ఏప్రన్ కట్టుకునేది. జరీ ఊసే లేదు. మీ అమ్మాయి రాణిగానే వెళ్తానంటే అప్పుడు గద్వాల అంచు బయటికి తీద్దాం.

ఆ కాలపు దర్జీలు పట్టీని కొనల మీద వేశారు. మెడ అంచున, ముందు తెరుచుకునే చోట, చేతుల కొసన, పావడా కింది చుట్టూ, అతుకుల వెంట. బట్ట అరిగేది అక్కడే, పోగులు లేచేది అక్కడే. చీరకు మనం ఫాల్ ఎందుకు వేయిస్తామో వాళ్లు గౌను కొసకు ముఖమల్ పట్టీ అందుకే వేశారు. మట్టీ రాపిడీ పట్టీ మీద పడతాయి, అరిగితే దాన్ని ఊడదీసి మారుస్తారు, బట్ట నిలుస్తుంది. అలంకారం ఆ అవసరం మీదనే పెరిగింది. 1562లో పీసాలో చనిపోయి ఫ్లోరెన్స్‌లో సమాధి అయిన ఎలియనోరా డి టొలేడో ఒంటి మీది గౌను ఆ సమాధిలో నుంచి బయటపడింది. చీకిపోయిన ఆ బట్టను ఏళ్ల తరబడి బాగుచేసి అక్కడి పిట్టీ భవనంలో దాచారు. శాటిన్ గౌను మీద జరీ కుట్టుపని చేసిన ముఖమల్ పట్టీలు. అవి మెడ అంచున, రొమ్ము మీద నిలువుగా, పావడా కొనల వెంట మాత్రమే ఉన్నాయి. ఆమె టస్కనీని ఏలిన కోసిమో డి మెడిచి భార్య. బంగారానికి కొదవ ఉండి కాదు, మిగతా శాటిన్‌ను నునుపుగా వదిలేసింది! పట్టీ పక్కన ఖాళీ బట్ట ఉంటేనే పట్టీ కనబడుతుంది.

ఇక కత్తెర. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు అయితే, ఆ రెండింటి పోగులనూ మగ్గం మీదే మెలివేసి కలుపుతారు. మీ చీరను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఆ కలిపిన గీత కనిపిస్తుంది. సరిగ్గా దాని మీద కత్తిరిస్తే అంచు పోగులు విడిపోతాయి. నూలు వైపు అర అంగుళం వదిలి కత్తిరించి, ఆ అర అంగుళాన్ని కిందికి మడవండి. అంచునూ గౌను బట్టనూ కుట్టకముందే విడివిడిగా చల్లని నీళ్లలో తడిపి నీడలో ఆరేయండి. అంతకంటే ముందు ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో అద్ది చూడండి, రంగు దిగే అంచు అయితే గౌనంతా పాడవుతుంది. తడపకుండా కుడితే ఆ తరువాత ఎప్పుడు తడిసినా ఒకటి కుంచించుకుని రెండోది కుంచించుకోక పట్టీ పొడవునా నొక్కులు పడతాయి, వాటిని ఏ ఇస్త్రీ తీయలేదు.

నేసిన అంచు వంగదు. గుండ్రటి మెడకు తిప్పితే లోపలి వైపు ముడతలు లేస్తాయి. అదృష్టం కొద్దీ 16వ శతాబ్దంలో చదరపు మెడ బాగా వాడుకలో ఉంది. అదే పెట్టించి, రెండు మూలల్లోనూ అంచును ఏటవాలుగా మడిచి చేతితో కుట్టమనండి. మామిడి పిందెలూ హంసలూ ఉన్న అంచు వద్దు, ఎంత దూరం నుంచి చూసినా అది మన చీరే. సన్న గీతల జరీ అయితే ఇంగ్లండు గౌను మీద చక్కగా ఒదుగుతుంది. చీర పొడవు 5.5 మీటర్లు అనుకుంటే రెండు అంచులూ కలిపి 11 మీటర్లు. పావడా ఘేరుకు 3 మీటర్లు, ముందు కొనలకు 2, మెడకూ చేతులకూ కలిపి మరో 2 పోయినా ఇంకా మిగులుతుంది. వరసలు వరసలుగా వేయాల్సిన అవసరం ఏముంది?

నా మనసులో మాట కూడా చెప్పేస్తాను. పెళ్లి చీర కోయకండి. ఒళ్లు చిరిగి అంచు మిగిలిన పాత చీర ఇంట్లో ఇంకొకటి ఉండే ఉంటుంది, ఈ పనికి అది చాలు.

టాడ్ మిషన్ సంత 1974 నుంచి అక్టోబరు, నవంబరు వారాంతాల్లో ఆరుబయట జరుగుతోంది. పొడిగా ఉంటే దుమ్ము, వాన పడితే బురద. టెక్సస్‌లో నవంబరు పగలు కూడా ఉక్కగానే ఉండవచ్చు. అందుకని పాలిస్టర్ ముఖమల్ గౌను మొత్తానికి వాడకండి. ఒంటికి తగిలే కమీజు పల్చని నూలుదే కావాలి. పావడా కొస నేలకు 2 అంగుళాలు పైన ఆగాలి. కొలత తీసుకునేటప్పుడు ఆ రోజు వేసుకునే చెప్పులు తొడుక్కోమని అమ్మాయికి చెప్పండి.

నేను దేవరకొండలో దర్జీని. బయటి దేశం నుంచి ఎలిజబెత్ కాలపు బాడీ, అంటే నడుము దాకా బిగుతుగా ఉండే గౌను పైభాగం, ఒకటి ఆర్డర్ వచ్చింది. మంచి లైనింగ్ వేసి, వెనక జిప్ పెట్టి పంపాను. నడుము దగ్గర ముడతలు పడుతున్నాయని, జిప్ వద్దని వెనక్కి వచ్చింది. ఎక్కడ తప్పింది?
— ఒక పాఠకుడు

తమ్ముడూ, జిప్ సంగతి ముందు తేల్చుకుందాం. ఇప్పుడు మనం వాడే రకం జిప్‌ను గిడియన్ సండ్‌బ్యాక్ 1913లో తయారుచేశాడు. వేషం కోసం డబ్బు పెట్టిన మనిషికి వీపు మీద జిప్ కనిపిస్తే మనసు నొచ్చుకోవడం న్యాయమే.

ముడతలకు కారణం కటింగ్. మీరు మన జాకెట్టు పద్ధతిలో, రొమ్ము దగ్గర బట్ట గుండ్రంగా నిలవడానికి, డాట్లో కటోరీయో పెట్టి ఉంటారు. ఆ కాలపు బాడీకి డాట్లు లేవు. రొమ్మును గుండ్రంగా నిలపాలని వాళ్లు అనుకోలేదు, చదునుగా అదిమి కొద్దిగా పైకి తెచ్చారు. ఆకారం పైన వెడల్పుగా ఉండి నడుముకు వచ్చేసరికి సన్నబడుతుంది, ముందు భాగం కోసుగా నడుము కిందికి దిగుతుంది. దాన్ని అలా నిలబెట్టేది పైబట్ట కాదు, లోపలి పుల్లలు. 1603లో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలకు చేసిన బొమ్మకు తొడిగిన బాడీ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఇప్పటికీ ఉంది. దాంట్లో తిమింగలం నోటి నుంచి తీసిన పుల్లలు నిలువుగా కుట్టి ఉన్నాయి.

మనకు ఆ పుల్లలు అక్కర్లేదు. ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే వెడల్పాటి కేబుల్ టైలు తెచ్చుకోండి. తల కత్తిరించి, కొసలు గుండ్రంగా చేసి, గరుకు కాగితంతో రుద్దండి. లేకపోతే అవి బట్టను పొడుచుకుని బయటికి వస్తాయి. రెండు పొరల గట్టి కాన్వాస్ తీసుకుని, టై ఇరుకుగా దూరేంత వెడల్పున నిలువు గాడులు మిషన్ మీద కుట్టి, ఒక్కొక్కదాన్నీ దూర్చండి. దీని మీద పైబట్ట, కింద మెత్తటి అస్తరు. పుల్ల తొడ మడత దాకా దిగకూడదు, దిగితే మనిషి కూర్చోలేదు. ఒంటి చుట్టుకొలతకు 2 అంగుళాలు తగ్గించి కత్తిరించండి. లేసు బిగించాక ఆ మేర ఖాళీ ఉంటేనే బాడీ పట్టుగా ఉంటుంది, ముడత తీరుతుంది. అసలు బట్ట ముట్టుకునే ముందు మందపాటి పాత దుప్పటితో ఒకటి కుట్టి, ఆ కస్టమరుకే పంపి ఫొటో తెప్పించుకోండి. పోస్టు ఖర్చు ఆవిడే పెట్టుకుంటుంది.

ఇప్పుడు లేసు రంధ్రాలు. దుకాణంలో దొరికే ఇత్తడి ఐలెట్లు కొట్టకండి, అవి 19వ శతాబ్దంలో వచ్చినవి. రంధ్రం దబ్బనంతో చేయాలి. కత్తెరతో కోస్తే పోగులు తెగుతాయి, లేసు లాగినప్పుడల్లా రంధ్రం పెరిగి చివరకు చిరుగుతుంది. దబ్బనం మొనను పోగుల మధ్య పెట్టి, తిప్పుతూ నెమ్మదిగా దించండి. పోగులు తెగకుండా పక్కకు జరిగి గుండ్రటి దారి ఇస్తాయి. దబ్బనం తీయగానే మళ్లీ మూసుకోవాలని చూస్తాయి కాబట్టి వెంటనే మైనం రాసిన రెండు పోగుల దారంతో రంధ్రం చుట్టూ దగ్గరదగ్గరగా కుట్టు వేయండి. ప్రతి కుట్టూ బట్టను బయటికి లాగాలి. సగం చుట్టు అయ్యాక మరోసారి దబ్బనం దించి సర్దండి. అన్నీ అయ్యాక వేలు పెట్టి తడిమితే చిన్న గట్టి ఉంగరం చేతికి తగలాలి. ఎదురెదురు రంధ్రాలను సమానంగా పెట్టకుండా ఒక వైపు వరసను, రెండు రంధ్రాల మధ్య ఉండే దూరంలో సగం మేర, కిందికి జరపండి. ఆ కాలంలో ఒకే లేసును ఒక కొసన ముడివేసి మెలికగా కింది నుంచి పైదాకా ఎక్కించేవారు. అలా ఎక్కిస్తే రెండు అంచులూ ఎగుడుదిగుడు కాకుండా కలుస్తాయి.

మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ. మా పిల్లలు ఇంగ్లిషు నాటకం వేస్తున్నారు. మెడ చుట్టూ ఉండే ఆ తెల్లటి కుచ్చుల కాలరు, మగవాళ్ల పొట్టి కోటు తక్కువ ఖర్చుతో ఎలా?
— ఒక అధ్యాపకుడు

సార్, ఆ కాలరు పేరు రఫ్. దాని గుట్టంతా గంజిలో ఉంది, గంజి మన ఇళ్లలో ఉన్నదే. 1564లో నెదర్లాండ్స్ నుంచి లండన్ చేరిన డింగెన్ వాన్ డెర్ ప్లాస్ అనే ఆవిడ గంజి పెట్టే విద్యను అక్కడి ఆడవాళ్లకు డబ్బు తీసుకుని నేర్పింది. ఆ తరువాతే రఫ్‌లు అంతంత పెద్దవయ్యాయి. గంజి లేకముందు కమీజు మెడ దగ్గరి చిన్న కుచ్చులే ఉండేవి.

పల్చని మల్ బట్ట తీసుకోండి. మెడపట్టీ 40 సెంటీమీటర్లు అయితే కుచ్చుకు 5 నుంచి 6 మీటర్ల పొడవు కావాలి. తక్కువ వేస్తే నీరసంగా వేలాడుతుంది, ఇక్కడ మాత్రం బట్టకు వెనకాడకండి. వెడల్పు 7 సెంటీమీటర్లు చాలు. బయటి అంచును సన్నగా చుట్టి కుట్టండి. లోపలి అంచున రెండు వరసల కచ్చా కుట్టు, ఒకదాని కింద ఒకటి సరిగ్గా ఎదురుగా పడేట్టు గీతలు గీసుకుని వేయాలి. మనసుకు తోచినట్టు వేస్తే దారం లాగినప్పుడు మడతలు ఒకటి లావు ఒకటి సన్నం అవుతాయి. రెండు దారాలూ కలిపి లాగితే మడతలు నిలువుగా వరసకు వస్తాయి. ప్రతి మడత నెత్తినీ మెడపట్టీకి విడిగా కుట్టండి.

బియ్యపు గంజి చిక్కగా కాచి, పల్చని గుడ్డలో వడకట్టండి. పలుకు ఉంటే తెల్ల బట్ట మీద మచ్చగా నిలుస్తుంది. రఫ్‌ను ముంచి, పిండకుండా నీరు కారనిచ్చి, సగం ఆరాక మడతల్లోకి నున్నటి గుండ్రటి పుల్ల దూర్చి 8 అంకె ఆకారానికి తెరవండి. ఆ రోజుల్లో కాల్చిన లోహపు కడ్డీలు వాడేవారు, పిల్లల చేతికి అవి వద్దు. పక్కపక్క మడతలు తాకే చోట గుండుసూది గుచ్చి మీ పాలమూరు ఎండలో పెడితే మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది. రఫ్‌ను అంగీకి కుట్టేయకండి. అప్పట్లోనూ దాన్ని విడిగానే ఉంచి దారంతో మెడకు కట్టుకునేవారు, ఎందుకంటే ఉతికిన ప్రతిసారీ గంజి మళ్లీ పెట్టాలి. చెమటకు అది మెత్తబడుతుంది. నాటకం మొదలయ్యే ముందు కట్టండి, రిహార్సల్‌కు వద్దు.

కోటుకు కొత్త బట్ట కొనవద్దు. పెళ్లిళ్లకు కుట్టించుకుని బీరువాల్లో పెట్టిన షేర్వాణీలు పిల్లల ఇళ్లలో దొరుకుతాయి. నిలువు కాలరు, ముందు గుండీల వరస అందులో ఉండనే ఉన్నాయి. నడుము దాకా కత్తిరించి, కోసిన బట్టతోనే నడుము చుట్టూ చిన్న చదరపు రేకులు, భుజం అతుకు మీద ఒక పట్టీ పెడితే డబ్లెట్ అవుతుంది. సన్నటి డోరీని గుండీల పట్టీకి రెండు వైపులా, చేతుల అతుకుల వెంట కుట్టండి. మెరుపు బిళ్లలు వద్దు.

వనపర్తి నుంచి రాస్తున్నాను. వచ్చే ఏడాది చదువుకు అమెరికా వెళ్తున్నాను. పోచంపల్లి ఇక్కత్‌తో డబ్లెట్ కుట్టించుకుని సంతకు వెళ్లవచ్చా?
— ఒక విద్యార్థి

నాయనా, పోచంపల్లి ఇక్కత్ అంటే నాకెంత ఇష్టమో ఈ శీర్షిక చదివేవారికి తెలుసు. అయినా ఇంగ్లిషు డబ్లెట్‌కు వద్దంటాను. ఆ కాలపు ఐరోపా పట్టులో ఎత్తుగా లేచిన పెద్ద పెద్ద దానిమ్మ నమూనాలు ఉండేవి. ఇక్కత్‌లోని కరిగినట్టుండే గీత అక్కడ ఇమడదు. రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

ఇంగ్లిషువాడిగానే ఎందుకు వెళ్లాలి? ఎలిజబెత్ సింహాసనం మీద ఉన్నప్పుడే గోల్కొండను మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుతున్నాడు, 1580 నుంచి 1612 దాకా. 1583లో లండన్ నుంచి బయల్దేరిన రాల్ఫ్ ఫిచ్ అనే వర్తకుడు గోల్కొండ చూసి, 1591లో ఇల్లు చేరాడు. హైదరాబాదు పుట్టింది ఆ 1591లోనే. గోల్కొండ నుంచి వచ్చిన వర్తకుడు లండన్ సంతలో కనబడ్డాడంటే కథ అతికినట్టు సరిపోతుంది.

జామా కుట్టించుకో. తెల్లటి పల్చని నూలు బట్ట, ముందు ఒక పొర మీద ఇంకో పొర వచ్చి చంక దగ్గర నాడాలతో కట్టేది. చేతులు ఒంటికి అంటినట్టు సన్నగా, చెయ్యి కంటే పొడవుగా ఉండి మణికట్టు మీద ముడతలు పడాలి. నడుము కింద కళీలు, అంటే కిందికి వెడల్పయ్యే ముక్కలు, వేసి ఘేరు తేవాలి. చంక కింద చతురస్రపు ముక్క మరిచిపోతే చెయ్యి ఎత్తగానే చిరుగుతుంది. అలాంటి ముక్కనే ఆ కాలపు ఇంగ్లిషు కమీజుకూ వేశారు, బట్ట వృథా కాకుండా చతురస్రాలుగా, త్రికోణాలుగా కత్తిరించడం అక్కడా ఇక్కడా ఒకే తెలివి. నడుముకు పట్కా కావాలి. పాత నారాయణపేట చీర కొంగును పొడవునా మడిచి కట్టుకో, జరీ ఉన్న రెండు కొసలూ ముందు వేలాడాలి. జామా మీద ఇంకే అంచూ వేయకు. దక్కనీ చిత్రాల్లో దర్బారు మనుషులను చూడు, ఒంటి మీద తెల్లని నూలు, బంగారం పట్కా కొసల్లో. ఆ కొసలు రెండు చాలు నిన్ను పది మందిలో నిలబెట్టడానికి.

మిషన్ కుట్టు కనబడితే తప్పా? — చాలామంది అడిగారు

లోపలి పొడవాటి అతుకులు మిషన్ మీద వేసుకోండి, ఎవరూ చూడరు. కుట్టు మిషన్లు 19వ శతాబ్దంలో వచ్చాయి కాబట్టి చేయి చాచినంత దూరంలో కనిపించే ప్రతి కుట్టూ, ముఖ్యంగా పట్టీ కుట్టు, చేతిదే కావాలి. అస్తరు వేయకముందే పట్టీ కుట్టేస్తే వెనక ముడులన్నీ అస్తరు కింద దాగుతాయి. పట్టీని లాగి పట్టుకుని కుట్టకండి. బల్ల మీద వదులుగా పరిచి, రెండు అంచులూ ఒకే దిశలో కుట్టండి. ముఖమల్ పట్టీ అయితే రెండు వరసల కచ్చా కుట్టు ముందే తప్పనిసరి. అది కుడుతుండగానే జరిగిపోయే బట్ట.

ముఖమల్ గౌను పార్సిల్‌లో నలిగిపోయింది. ఎలా పంపాలి?
— ఒక సోదరి, సూర్యాపేట

నలిగిన దాని మీద ఇస్త్రీ పెట్టకండి, నూగు అణిగిపోతే మళ్లీ లేవదు. స్నానాల గదిలో వేడినీటి ఆవిరి నింపి గౌనును హ్యాంగరుకు తగిలించండి. గట్టి ముడత మిగిలితే టర్కీ తువాలు మీద ముఖమల్ వైపు బోర్లా వేసి, వెనక నుంచి ఆవిరి పట్టండి, ఒత్తకండి. ఈసారి పంపేటప్పుడు మడవకుండా చుట్టండి. నూగు బయటి వైపుకు ఉండాలి, పొరల మధ్య ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె పరవాలి. జరీ ఉన్న చోట కలరా ఉండలు తగలనివ్వకండి, జరీ నల్లబడుతుంది. బాడీని గౌనుతో కలిపి చుట్టకుండా పుల్లలు వంగని విధంగా విడి అట్టపెట్టెలో పెట్టండి. లేసు, సూది, గౌను రంగు దారం ఒక రీలు, అరచేయంత అంచు ముక్క కూడా అందులోనే వేయండి. సంతలో పట్టీ ఊడితే అమ్మాయి అక్కడే కూర్చుని కుట్టుకుంటుంది.